అగ్గికొండా, వేరు కాపురమూ

ఆ రోజుల్లో మా తిరువూరులో ఎవరికి ఏ పిచ్చి ఉందో ఊరందరికీ తెలిసే ఉండేది. దాచుకునే అలవాటు లేదు. ఒకరికి సినిమా పిచ్చి, ఒకరికి పేకాట పిచ్చి, మా వీధి చివర ఒక పెద్దాయనకి బస్సుల పిచ్చి (ఎక్కేవాడు కాదు, విజయవాడ బస్సు ఇవాళ ఎంత ఆలస్యంగా వచ్చిందో చూసుకుని, తృప్తిగా ఇంటికెళ్ళి పడుకునేవాడు). నాకేమో అగ్గికొండల పిచ్చి. మిగతా పిచ్చివాళ్ళు కూడా నన్ను చూసి నవ్వేవాళ్ళు. మా చుట్టుపక్కల వరి చేలు, పత్తి చేలు, మామిడి తోటలు తప్పితే, ఉన్న గుట్టలన్నీ మేకలు ఎక్కి దిగడానికే. వాటిలో ఒక్కటి కూడా ఎప్పుడూ పొగ వదిలిన పాపాన పోలేదు. సంతకం చేయడం తప్ప అక్షరం ముక్క రాని ఆడది, ఎక్కడో సముద్రాల అవతల ఏ కొండ నిప్పు కక్కిందో వెంటబడి కనుక్కునేదంటే నమ్మడం కష్టమే. అయినా జరిగింది జరిగినట్టే చెప్తాను. (నేను చెప్తుంటే మా మనవరాలు రాస్తోంది. నా మాట మోటు, గొంతు అంతకన్నా మోటు. రాయకూడనివి కొన్ని తీసేశానంది. తీస్తే తీసింది.)

నాది పెనుగొలను. పెళ్ళయ్యాక తిరువూరు వచ్చాను. మా ఆయన ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలరు మనిషి. వడ్లని తొట్లలో నానబెట్టి, ఆవిరి మీద ఉడికించి, ఆరబెట్టి ఆడిస్తే ఉప్పుడు బియ్యం. ఆ ఆవిరి కోసం బాయిలరు కింద పగలంతా ఊక పోసి మండించడం ఆయన పని. ఉడికిన వడ్లని మిల్లు పక్కనున్న సిమెంటు కళ్ళంలో పరిచి, ఎండలో కాళ్ళతో చాళ్ళు తీస్తూ అటూ ఇటూ నడవడం మా ఆడవాళ్ళ పని. పని గురించి నాకే బాధా లేదు. ఇల్లే కష్టంగా ఉండేది. ఇల్లంటే ఒకే గది. అందులో మేమిద్దరం, మా అత్త. మామ పోయాడు, మా ఆయన ఒక్కడే కొడుకు. అత్త బస్టాండు దగ్గర కాలాన్ని బట్టి తేగలో, ముంజలో అమ్మేది. చెడ్డది కాదు. నేను చేసే ప్రతి పనీ ఇంకాస్త బాగా చేయవచ్చని ఆవిడ నమ్మకం, అంతే. కూర పొయ్యి మీద ఉంటే మూత తీసి చూసేది. "ఉప్పేశావా?" అనేది. వేశానంటే "ఎంతేశావు?" అనేది. చెప్తే "ఏ చేత్తో వేశావు?" అనేది. రెండు చేతులూ ఆవిడ ముందు చాపి చూపించిన రోజులున్నాయి.

తెల్లారేసరికి బాయిలరు వెలగాలి గనక మనిషి దగ్గరుంటే మంచిదని, మిల్లు షావుకారు గారు వెనక ఖాళీ జాగాలో పాక వేసుకోమన్నారు. మట్టి గోడలు, తాటాకు కప్పు. ఆ పాకలో మొదటి రోజు కూరలో నేను ఉప్పు వేస్తే ఎవరూ అడగలేదు. ఎక్కువైంది. అయినా అంత రుచైన కూర నేను మళ్ళీ తినలేదు. మా ఆయన రెండో ముద్దకే చెంబెడు నీళ్ళు తాగి, "ఏమే, ఒక మాట చెప్తున్నా. మనకి ఇది తప్ప ఇంకో చోటు లేదు. దీనికేమన్నా అయితే మళ్ళీ అమ్మ దగ్గరికే" అన్నాడు. ఆ మాట నా గుండెల్లో పడిపోయింది. ఎందుకంటే పాక వెనకే ఊకగుట్ట. మిల్లులో మిగిలిన ఊక, బాయిలరు కింద నుంచి లాగిన బూడిద, అన్నీ అక్కడే పోసేవాళ్ళు. బూడిదలో నిప్పు కణాలు ఉండనే ఉంటాయి. అందుకని ఆ గుట్ట పైకి చూస్తే చల్లగా, సాధువులా ఉంటుంది, లోపల మాత్రం ఏడాది పొడుగునా మంట లేకుండా రగులుతుంది. మేకపిల్ల ఎక్కితే కాళ్ళు కాలి అరుస్తూ దిగేది. మా ఆయన వీలు చిక్కినప్పుడల్లా పార తీసుకుని, గుట్టకీ పాకకీ మధ్య జారిన ఊకని అవతలికి లాగేసి వచ్చేవాడు. నాకు అప్పట్లో ఆ పని చాదస్తంలా అనిపించేది.

సాయంత్రం పని దిగాక మిల్లు గుమాస్తా గారు కాటా బల్ల మీద ట్రాన్సిస్టరు పెట్టి వార్తలు వినేవారు. వినాలనుకున్న వాళ్ళం కింద కూర్చునేవాళ్ళం. డెబ్బైల్లో ఒక ఏడు, పెద్ద పండగ వెళ్ళిన తర్వాత ఒక సాయంత్రం, వార్తల చివర్లో చెప్పారు. ఎక్కడో ఉత్తరాన చలి సముద్రంలో ఒక చిన్న దీవి ఉందట. ఊరి వెనక నేల పగిలి నిప్పు పైకి లేచిందట. ఊరు ఊరంతటినీ చేపల పడవల్లో ఎక్కించి దాటించారట. (ఆ దీవి పేరు గుమాస్తా గారికే నోరు తిరగలేదు, నాకెక్కడ తిరుగుతుంది.) అందరూ అయ్యో పాపం అనుకుని, గంపలూ టిఫిను గిన్నెలూ సర్దుకుని వెళ్ళిపోయారు. నేను కదల్లేదు.

"మరి ఆ మనుషులంతా ఎక్కడికెళ్ళారండీ?" అని అడిగాను.

"అవతలి ఒడ్డున పెద్ద ఊరుందట. అక్కడ చుట్టాలిళ్ళల్లో సర్దుకున్నారట," అన్నారు గుమాస్తా గారు.

"చుట్టాలంటే ఎవరండీ? అత్తగారిళ్ళేనా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "రేడియోలో అంత వివరంగా చెప్పరు అమ్మాయ్," అన్నారు.

వాళ్ళు చెప్పకపోయినా నాకు అర్థమైపోయింది. ఆ దీవిలో నాలాంటిది ఒకతి ఉండే ఉంటుంది. నానా తంటాలూ పడి వేరు కాపురం పెట్టుకుని, తన ఉప్పు తను వేసుకుంటూ సుఖంగా ఉండి ఉంటుంది. ఇంతలో కొండ పగిలింది. ఇప్పుడది చలిలో పడవ దిగి, మూట నెత్తిన పెట్టుకుని, అత్తగారి గుమ్మం ముందు నిలబడి ఉంటుంది. అత్త మూత తీసి కూర చూస్తూ ఉంటుంది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. మర్నాటి నుంచి ఆ కొండ సంగతి నా సొంత సంగతైపోయింది. రేడియోలో రాకపోతే గుమాస్తా గారి చేత పేపరు తిరగేయించేదాన్ని. "ఇవాళ లేదమ్మా, వేరే దేశంలో ఇంకో కొండ ఉంది, అది చదవనా?" అనేవారు పాపం. సరే అదీ చదవండి అనేదాన్ని. అలా అగ్గికొండల్లో ఎన్ని రకాలున్నాయో తెలిసింది. బూడిద కక్కేవి, బురద కక్కేవి, ఊరికే గుర్రుపెట్టి ఊరుకునేవి. మిగతా వాటిని కూడా కనిపెట్టి ఉన్నాను గానీ, మనసు మాత్రం ఆ దీవి మీదే.

కళ్ళంలో కాళ్ళతో వడ్లు కదుపుతూ నడిచేటప్పుడు మా ఆడవాళ్ళకి ఈ కబుర్లే. నా పేరు పోయి అగ్గికొండ అనే పేరు స్థిరపడింది. "అగ్గికొండా, ఇవాళ ఎన్ని ఇళ్ళు పోయినయ్యే?" అని అడిగేవాళ్ళు, పొరుగు వీధిలో పెళ్ళి గురించి అడిగినట్టు. మాలో పెద్దది నెమలి ఊరి మనిషి, నెమలక్క అనేవాళ్ళం. ఆవిడకి అన్నీ కావాలి.

"వాళ్ళు వడ్లు ఎక్కడ ఆరబోసుకుంటారే, అంత మంచులో?"

"వాళ్ళకి వరి లేదంట అక్కా. చేపలు తింటారంట."

"చేపల కూరలోకి ఏం తింటారు?"

దానికి నా దగ్గర జవాబు లేదు. గుమాస్తా గారి దగ్గరా లేదు. నెమలక్క చాలా రోజులు ఆ బెంగతోనే ఉంది. మనూళ్ళో కొండ పేలితే ఎవరేం పట్టుకుని పరిగెత్తాలి అనే విషయం మీద కళ్ళంలో పెద్ద వాదన జరిగింది. నెమలక్క మొగుణ్ణి వదిలేసి గేదెని తోలుకుపోతానంది. "ఆయనకి దారి తెలుసు, గేదెకి తెలియదు," అంది. నేను ఇత్తడి బిందె, పెళ్ళి చీర పట్టుకెళ్తానని, ముందే ఆలోచించి పెట్టుకున్నానని, గొప్పగా చెప్పాను.

ఎండలు ముదిరాక ఒక వింత వార్త వచ్చింది. ఆ దీవి వాళ్ళు పెద్ద పెద్ద గొట్టాలు పెట్టి, సముద్రపు నీళ్ళు తోడి, పారే నిప్పు మీద పోస్తున్నారట. పోస్తే అది అక్కడికక్కడ గట్టిపడి గోడలా నిలబడుతోందట, వెనకొచ్చే నిప్పుని అదే ఆపుతోందట. ఇల్లు వదిలి రావడం తప్ప దారి లేదనుకున్న నాకు ఆ మాట అమృతంలా వినిపించింది. మా ఆయనకి చెప్తే, "రాయి కరిగి పారేది వేరు, ఊక వేరు" అన్నాడు, నేను అడగకుండానే. అత్త ముంజలమ్ముకుని పోతూ మా పాక దగ్గర ఆగితే ఆవిడకీ చెప్పాను.

"అన్ని నీళ్ళే? ఇక్కడ రెండు బిందెల కోసం పంపు దగ్గర జుట్లు పట్టుకుంటున్నాం," అంది.

"ఇళ్ళు కాపాడుకోవద్దా అత్తా. ఎన్నాళ్ళని చుట్టాలిళ్ళల్లో ఉంటారు, పాపం."

"పాపమెందుకే? చుట్టాలిళ్ళంటే జైలా?" అని గంప నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ వేసవిలోనే ఒక మధ్యాహ్నం, మంచి వడగాలి మీద, అసలు సంగతి జరిగింది. ఆ రోజు బాయిలరు ఆపి శుభ్రం చేస్తున్నారు. మా ఆయన దాని లోపలికి దూరి, సుత్తి పెట్టి గోడలకి పట్టిన సున్నపు పెచ్చులు రాలగొడుతున్నాడు. షావుకారు గారు భోంచేసి లోపల నడుం వాల్చారు. కళ్ళం నిండా ముందురోజు ఉడికించి, ఆ పొద్దున పరిచిన వడ్లు, ఇంకా తడి ఆరలేదు. నేను మంచినీళ్ళ కోసం పాకకి వెళ్ళి చూద్దును గదా, ఊకగుట్ట పాక వైపు పక్క విరిగి కూలింది. లోపలి ఎరుపంతా బయటపడి, గాలికి కణకణమంటూ, జారుతూ పాక గోడ వైపు వస్తోంది. రేడియోలో చెప్పినట్టే, అచ్చంగా. నిజం చెప్పాలంటే నాకు మొదట వచ్చింది భయం కాదు. ఇన్నాళ్ళకి కంటితో చూశాను గదా అనిపించింది. కాసేపు నిలబడి చూశాను కూడా. ఆ తర్వాత తాటాకు కప్పు కనపడింది, ఆ వెనకే ఉప్పు గురించి అడిగే అత్త మొహం కనపడింది.

లోపలికి పరిగెత్తాను. ఇన్నాళ్ళూ ఆలోచించి పెట్టుకున్నదాన్ని గదా, చేతికి దొరికింది పట్టుకుని బయటికొచ్చాను. చేట. చేటలో ఏమీ లేదు. దాన్ని పక్కన పడేసి, మా ఆయన్ని పిలుద్దామని బాయిలరు దగ్గరికెళ్ళి అరిచాను. లోపల నుంచి సుత్తి చప్పుడు తప్ప ఏమీ రాలేదు. ఇనప గోడ మీద రాయితో కొట్టాను. ఆయన కూడా లోపల నుంచి తిరిగి కొట్టాడు. (ఎవరో సరదాకి కొడుతున్నారనుకున్నాడట.) ఇక లాభం లేదని కళ్ళం వైపు పరిగెత్తి, "అక్కా, మన గుట్ట పేలింది" అన్నాను.

ఒక్కళ్ళు కూడా ఏం చేద్దామని అడగలేదు. నెలల తరబడి నేను చెప్పింది వాళ్ళందరికీ కంఠతా వచ్చు. వడ్లు నానే తొట్ల దగ్గర నుంచి పాక దాకా వరసలో నిలబడిపోయారు. బిందెలు, బకెట్లు, ఒకావిడ టిఫిను గిన్నెతో సహా. సముద్రం లేదు గనక తొట్టి నీళ్ళు. వడ్లు నానిన నీళ్ళ కంపు ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి తెలుసు, తెలియనివాళ్ళు అదృష్టవంతులు. నెమలక్క ముందు నిలబడి, "అంచు మీద పొయ్యండే, అంచు మీద. గోడ కట్టాలి, గోడ" అని పురమాయిస్తోంది. మొదటి బిందె పడగానే చుయ్యిమంది, ఆవిరి లేచింది, ఎరుపు నల్లబడి గట్టిగా పెచ్చు కట్టింది. గోడ నిలబడింది. ఆ క్షణంలో ఆ దీవి వాళ్ళు నన్ను చూసి ఉంటే బాగుండుననిపించింది. ఇంకా పోయండన్నాను. పోశారు. పైనంతా తడిసి, పెంకులా మూసుకుపోయింది. లోపలి నిప్పు మాత్రం లోపలే ఉంది, దానికి తోడు ఇప్పుడు మా నీళ్ళు కూడా ఉన్నాయి. గుట్ట ఒకసారి బుసకొట్టింది. నెమలక్క వెనక్కి ఒకడుగు వేసి, "ఇది రేడియోలో చెప్పారా?" అని అడిగింది. లేదు అనేలోపు పేలింది.

మిల్లు పొగగొట్టం కన్నా ఎత్తుకి లేచింది బూడిద. లేచి, అక్కడ కాసేపు ఆలోచించుకుని, వడగాలితో పాటు పాక దాటి, మా అందరి మీదుగా, తడి వడ్లు పరిచిన కళ్ళం మీద దిగింది. దిగిన బూడిద దిగినట్టే అంటుకుపోయింది. ఒక్క బంగారు గింజ కనపడలేదు. మేమందరం ఒకే రంగులోకి వచ్చేశాం, ఎవరెవరో గొంతులు బట్టి గుర్తుపట్టుకున్నాం. షావుకారు గారు పంచె సర్దుకుంటూ బయటికొచ్చి, కళ్ళం చూసి, మమ్మల్ని చూసి, మళ్ళీ కళ్ళం చూశారు.

"ఏంటిది?" అన్నారు మెల్లగా.

గుమాస్తా గారు ముందుకొచ్చి, "గుట్ట పాక మీదికి వస్తుంటే ఆపారండి. ఇది రేడియోలో చెప్పిన పద్ధతేనండి," అన్నారు.

"నా కళ్ళం గురించి కూడా రేడియోలో చెప్పారా?"

"అది చెప్పలేదండి."

అప్పటికి మా ఆయన బాయిలరులో నుంచి నల్లగా బయటికొచ్చాడు. బూడిదరంగు ఆడవాళ్ళని చూశాడు, పాకని చూశాడు. పార తీసుకుని గుట్టకీ గోడకీ మధ్య తవ్వడం మొదలెట్టాడు. మేమూ చేటలతో, గంపలతో ఊక లాగాం. పొద్దు వాలేసరికి నిప్పు గోడకి జానెడు దూరంలో ఆగిపోయింది, చూరు అంచు కాస్త మాడింది, అంతే. పార వల్ల ఆగిందని ఆయన అన్నాడు. ముందు నీళ్ళు పోయకపోతే ఆయన వచ్చేదాకా పాక ఉండేదా అని నేనన్నాను. ఆ పంచాయితీ ఆయన పోయేదాకా తేలలేదు.

ఆ సందట్లో మా అత్త వచ్చింది. బస్టాండులో ఎవరో మీవాడి పాక తగలబడుతోందని చెప్పారట, ముంజల గంప నెత్తిన పెట్టుకునే పరిగెత్తుకొచ్చింది. కొడుకుని ఒకసారి చూసింది, నిలబడి ఉన్నాడు గదా అని వదిలేసింది. నా దగ్గరికొచ్చి, కొంగుతో నా మొహం తుడిచి, బూడిద కింద నేనే ఉన్నానని ఖాయం చేసుకుంది. "కాలిందా ఎక్కడన్నా?" అంది. లేదన్నాను. "మరి ఆ చేటేంటే?" అంది. చూస్తే చేట మళ్ళీ నా చేతిలోనే ఉంది.

షావుకారు గారు తీర్పు చెప్పారు. వడ్లన్నీ మేమే కడిగి మళ్ళీ ఆరబోయాలి. అది న్యాయమే. రెండోది పాక సంగతి. "పొద్దస్తమానం ఆ గుట్టని కనిపెట్టుకుని ఉండే మనిషి ఉంటేనే పాక ఉంటుంది. మీరిద్దరూ పనిలో ఉంటే అది ఎప్పుడు కూలేదీ ఎవరు చూస్తారు? మనిషి లేకపోతే రేపే విప్పెయ్యండి," అన్నారు. మా ఆయన నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. విప్పేస్తే ఎక్కడికెళ్ళాలో ఇద్దరికీ తెలుసు. అంతలో వెనక నుంచి అత్త గొంతు వచ్చింది.

"నేనున్నాగా."

అలా పాక దక్కింది. ఆ సాయంత్రమే నులక మంచం, ట్రంకు పెట్టె, తన ఉప్పు జాడీతో సహా అత్త మా వేరు కాపురంలోకి వచ్చేసింది.

మంచం గుట్టకి ఎదురుగా వేసుకుని అక్కడే కూర్చునేది, ముంజలు కూడా అక్కడే అమ్మేది. గుట్టని కనిపెట్టడంలో ఆవిడకున్న శ్రద్ధ నాకు అగ్గికొండల మీద కూడా లేదు. "ఇవాళ పడమటి పక్క పొగ నీలంగా ఉంది," అనేది. "రాత్రి గుర్రుపెట్టింది, పొద్దున సర్దుకుంది," అనేది. మిల్లుకొచ్చిన బండివాళ్ళు ముందు ఆవిడని అడిగి, తర్వాత లోపలికి వెళ్ళేవాళ్ళు. కూర మూత తీయడం మాత్రం మానలేదు. నేను చేతులు చూపించడం మానేశాను, అదొక్కటే తేడా.

తొలకరి పడ్డాక ఒక సాయంత్రం గుమాస్తా గారు నన్ను ప్రత్యేకంగా పిలిచి చెప్పారు. దీవిలో కొండ చల్లారిందట. పడవల రేవు దక్కిందట. జనం ఒక్కొక్కరే ఇళ్ళకి తిరిగొస్తున్నారట. నాకు కాళ్ళు నేల మీద ఆగలేదు. కొట్లో బెల్లం తెచ్చి కళ్ళంలో అందరికీ పంచాను. (నెమలక్క రెండుసార్లు తీసుకుంది, చేపల కూరలోకి ఏం తింటారో ఇప్పటికైనా తెలిసిందా అని అడిగింది.) మిగిలిన ముక్క పట్టుకుని పాకకి పరిగెత్తాను. అత్త మంచం మీద కూర్చుని కందిపప్పులో రాళ్ళు ఏరుతోంది.

"అత్తా, కొండ చల్లారిపోయిందంట. అందరూ ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోతున్నారంట."

బెల్లం ముక్క తీసుకుంది, నోట్లో వేసుకోలేదు. "మరి ఇన్నాళ్ళూ వాళ్ళని పెట్టుకున్నవాళ్ళు?" అంది.

"వాళ్ళకేం అత్తా. ఇళ్ళు ఖాళీ అవుతాయి."

"అదే," అంది.

కాసేపు రాళ్ళు ఏరింది. తర్వాత తలెత్తి గుట్ట వైపు చూసింది. రెండు వానలకి అది తడిసి ముద్దై, నల్లగా, కుక్కపిల్ల పడుకున్నట్టు పడి ఉంది. పొగ లేదు, వేడి లేదు, దాని మీద గడ్డి పరక కూడా మొలిచింది.

"ఇది మాత్రం లోపల ఇంకా ఉంది," అంది అత్త.

నేనూ దాన్ని చూశాను. అన్ని నెలల కొండల అనుభవం ఉన్నదాన్ని గదా.

"ఉంటుంది అత్తా," అన్నాను. "ఊకని నమ్మడానికి లేదు."

అప్పుడు బెల్లం నోట్లో వేసుకుంది.

ఆ గుట్ట ఆవిడ ఉన్నన్నాళ్ళూ లోపల రగులుతూనే ఉంది. మిల్లు మూతపడి, ఊక పోసేవాళ్ళు లేక, ఉన్న బూడిద ఇటుకల వాళ్ళు ఎత్తుకుపోయాక కూడా, అడుగున ఇంకా ఉందనే అనేది, మేము అవుననేవాళ్ళం. ఇప్పుడు ఆవిడ వయసు నేను దాటేశాను. టీవీలో కొండలు రంగుల్లో పేలుతున్నాయి, ఏదీ వదలకుండా చూస్తాను. జనాన్ని పడవలెక్కిస్తుంటే చూస్తాను, మళ్ళీ ఇళ్ళకి పంపిస్తుంటే, వెనక గుమ్మంలో ఎవరు మిగిలారో అని ఇంకా జాగ్రత్తగా చూస్తాను. అలాంటప్పుడు కళ్ళంలో కొంగు బిగించి, దీవిలో కోడళ్ళందరూ ఇల్లు చేరారని బెల్లం పంచిన ఆ పిల్ల గుర్తొస్తుంది. నవ్వొస్తుంది. పాపం, దానికి సగం వార్తే తెలుసు.